ఆకాశం నుంచి దూకే సాహసాలు: ఆకర్షణ ఎంత, అపాయం ఎంత?

ఒంగోలు అధ్యాపకుడు:

మిత్రులందరికీ నమస్కారం. నేను ఇంటర్మీడియట్ విద్యార్థులకు భౌతికశాస్త్రం చెబుతాను. గురుత్వాకర్షణ పాఠం వచ్చినప్పుడల్లా తరగతిలో ఎవరో ఒకరు ఫెలిక్స్ బామ్‌గార్ట్‌నర్ పేరు ఎత్తుతారు. 2012 అక్టోబరు 14న అమెరికాలోని రోజ్‌వెల్ ప్రాంతంలో హీలియం బెలూన్ మీద దాదాపు 39 కిలోమీటర్ల ఎత్తుకు వెళ్లి, అక్కడి నుంచి దూకిన ఆస్ట్రియా దేశస్థుడాయన. గంటకు 1,357 కిలోమీటర్ల వేగాన్ని అందుకుని, వాహనమేదీ లేకుండా ధ్వనివేగాన్ని దాటిన తొలి మనిషిగా పేరు పొందాడు. ఆ దృశ్యాన్ని యూట్యూబ్‌లో ఒకే సమయంలో 80 లక్షల మంది చూశారు. ఆయన 2025 జులై 17న ఇటలీలో మోటారు బిగించిన పారాగ్లైడర్ నడుపుతూ కూలిపోయి మరణించాడు. అప్పటికి ఆయనకు 56 ఏళ్లు.

ఆ వార్త వచ్చిన తరువాత ఒక విద్యార్థిని నన్ను అడిగింది: "అంత పైనుంచి దూకి బతికినవాడు ఇంత తక్కువ ఎత్తులో ఎలా పోయాడు సార్?" ఆ ప్రశ్నకు సూత్రాలతో జవాబు చెప్పవచ్చు గానీ, వాటితో ఆ అమ్మాయికి తృప్తి కలగదని నాకు అనిపించింది. పిల్లలకు వేగం తెలుసు, ఎత్తు తెలుసు, ఆ దృశ్యం కంఠతా వచ్చు. దాని వెనక ఏళ్ల తరబడి సాగిన తయారీ మాత్రం తెలియదు. ఇటువంటి సాహసాలను పిల్లల ముందు మెచ్చుకోవాలా, మందలించాలా, లేక విడమరచి చెప్పాలా అన్న విషయంలో మీ అభిప్రాయాలు కోరుతున్నాను.

కనిగిరి యువకుడు:

మాస్టారూ, నేను ఉద్యోగరీత్యా బెంగళూరులో ఉంటాను. హర్యానాలోని నార్నౌల్ దగ్గర శిక్షకుడితో కలిసి దూకే ట్యాండెం స్కైడైవింగ్ చేశాను కాబట్టి ఆకర్షణ సంగతి నేను చెబుతాను. బయటివారు అనుకునేది ఒకటి, అక్కడ జరిగేది ఇంకొకటి.

జెయింట్ వీల్ దిగుతున్నప్పుడు కడుపులో కలిగే జారుడు అక్కడా ఉంటుందనుకున్నాను. ఉండదు. విమానం అప్పటికే వేగంగా ముందుకు పోతుంటుంది గనుక, తలుపులో నుంచి బయటపడిన మనిషికి గాలి మొదటి క్షణం నుంచే ఎదురొత్తిడి ఇస్తుంది. పది, పన్నెండు క్షణాల్లో వేగం గంటకు 190 నుంచి 200 కిలోమీటర్ల దగ్గర స్థిరపడుతుంది. ఆ తరువాత పడిపోతున్నామన్న భావనే ఉండదు. చెవుల్లో గాలి హోరు తప్ప మరేదీ వినపడదు. నేల చాలా దూరంలో, కదలకుండా ఉన్నట్టే కనిపిస్తుంది. పారాచూట్ విచ్చుకోగానే ఆ హోరంతా ఒక్కసారిగా ఆగిపోయి, నా వెనకనున్న శిక్షకుడు మామూలు గొంతుతో మాట్లాడిన మాట స్పష్టంగా వినపడింది. ఆ నిశ్శబ్దాన్ని నేను ఇప్పటికీ మరిచిపోలేదు.

ఆ కాసేపట్లో నా బుర్రలో ఉద్యోగం లేదు, అప్పు లేదు, నిన్న లేదు, రేపు లేదు. దీన్ని చావు మీద కోరిక అనేవారితో నేను ఏకీభవించను. దూకేవారికి ప్రాణం మీద తీపి ఎక్కువే ఉంటుంది. చేతుల కింద, కాళ్ల మధ్య గుడ్డ రెక్కలతో ఎగిరే వింగ్‌సూట్ కూడా నేర్చుకోవాలని నాకు ఉంది. మన రహదారుల మీద 2022లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర ప్రభుత్వ లెక్కలే చెబుతున్నాయి. పదహారో నంబరు జాతీయ రహదారి మీద అర్ధరాత్రి కారు నడిపేవాణ్ణి ఎవరూ పిచ్చివాడు అనరు. ఆకాశం నుంచి దూకేవాణ్ణి మాత్రం అంటారు.

కావలి ఉపాధ్యాయిని:

బాబూ, నీ మాటలో నిజాయితీ ఉంది గనుక నేనూ దాచకుండా చెబుతాను. నువ్వు చెప్పిన హాయి దూకినవాడికి దక్కుతుంది. కింద నిలబడి చూసేవాళ్లకు ఏం దక్కుతుందో కూడా మాట్లాడుకోవాలి.

2016 జులై 30న అమెరికాలోని కాలిఫోర్నియాలో ల్యూక్ ఐకిన్స్ అనే ఆయన 25,000 అడుగుల ఎత్తు నుంచి, ఒంటి మీద పారాచూట్ లేకుండా దూకి, నేల మీద కట్టిన వలలో పడ్డాడు. ఆ వల పొడవూ వెడల్పూ దాదాపు వంద అడుగులు. ఆయన భార్య, చిన్న కొడుకు అక్కడే ఉండి చూశారు. ఆయన క్షేమంగా లేచి వచ్చి వారిని కౌగిలించుకున్నాడు, అందుకు నాకూ సంతోషమే. కానీ ఆ రెండు నిమిషాలు ఆ బిడ్డ పైకి చూస్తూ నిలబడిన సంగతి తలచుకుంటే నాకు ఊపిరి సలపదు. అదంతా టెలివిజన్‌లో ప్రత్యక్ష ప్రసారంగా జరిగింది.

చిన్నప్పుడు మా ఊరికి గడ ఎక్కి ఆడేవాళ్లు వచ్చేవారు. డప్పు ఆగిపోగానే, గడ చివర పొట్ట మీద ఆనుకుని చేతులు చాచిన ఆ మనిషిని చూస్తూ ఊరంతా నోరు మూసుకుని నిలబడేది. వారికి అది తిండి, తరతరాల విద్య. ఈనాటి సాహసాలకు తిండి సమస్య లేదు. వాటి వెనక పానీయాల కంపెనీలు, ప్రకటనల డబ్బు ఉన్నాయి. ఆ డబ్బు "ఇంకా ఎత్తుకు, ఇంకా దగ్గరకు" అని తోస్తూనే ఉంటుంది. మన సోమశిల గట్టు మీదా, మైపాడు అలల్లోనూ, రైలు తలుపుల దగ్గరా వీడియోల కోసం వేలాడే పిల్లలను చూస్తున్నాం. వారికి ఈ ప్రసారాల నుంచి అందుతున్నది తయారీ పాఠం కాదు, తెగింపు ఒక్కటే.

మార్కాపురం వైద్యురాలు:

ఉపాధ్యాయిని గారి బాధ నాకు అర్థమవుతోంది. అయితే చాలా ఎత్తు నుంచి జరిగిన దూకుళ్లన్నీ ప్రకటనల కోసం పుట్టినవి కావని గుర్తు చేయాలి. అమెరికా వైమానిక దళానికి చెందిన జోసెఫ్ కిటింగర్ 1960 ఆగస్టు 16న 31 కిలోమీటర్ల పైచిలుకు ఎత్తు నుంచి దూకాడు. అంత ఎత్తులో ఎగిరే యుద్ధవిమానం నుంచి పైలట్ బయటపడవలసి వస్తే బతకగలడా, పలచని గాలిలో శరీరం బొంగరమై తిరగకుండా ఆపేదెలా అన్న ప్రశ్నలకు జవాబు కోసం చేసిన ప్రయోగాలవి.

ఆ ఎత్తుల్లో శరీరానికి ఏమవుతుందో చెబుతాను. సుమారు 19 కిలోమీటర్లు దాటాక గాలి పీడనం ఎంతగా తగ్గిపోతుందంటే, మన ఒంటి వేడికే నీరు మరిగిపోతుంది. నోటిలోని, కంటి మీది తడి ఆవిరవుతుంది, కణజాలం ఉబ్బుతుంది, ప్రాణవాయువు అందక కొన్ని క్షణాల్లోనే స్పృహ తప్పుతుంది. అందుకే ఒంటి చుట్టూ గాలి పీడనాన్ని నిలిపి ఉంచే ప్రెషర్ సూట్ తప్పనిసరి. 1960లో పైకి వెళుతుండగా కిటింగర్ కుడి చేతి తొడుగులో పీడనం నిలవలేదు. చేయి వాచిపోయింది. చెబితే ప్రయోగం ఆపేస్తారని ఆయన చాలాసేపు కింద ఉన్నవారికి చెప్పలేదు. దిగిన తరువాత చేయి మామూలు స్థితికి వచ్చింది గానీ, అది అందరికీ దక్కే అదృష్టం కాదు.

1962 నవంబరు 1న సోవియట్ యూనియన్‌లో ఇద్దరు ఒకే బెలూన్‌లో వెళ్లారు. యెవ్‌గెనీ ఆండ్రేయెవ్ 24,500 మీటర్లు పారాచూట్ విప్పకుండా పడి, క్షేమంగా నేల చేరాడు. ఇంకా పైనుంచి దూకిన ప్యోత్ర్ దోల్గోవ్ బయటికి వస్తున్నప్పుడు శిరస్త్రాణపు అద్దం బెలూన్ తొట్టెకు తగిలి పగిలింది. చిన్న పగులే. సూట్‌లోని పీడనమంతా దానిలో నుంచి పోయింది. పారాచూట్ ఆయనను నేలకు చేర్చింది, ప్రాణం మాత్రం అప్పటికే పోయింది. 1966 మే 1న అమెరికాలో నిక్ పియాంటనీడా అనే పౌరుడు ఇటువంటి ప్రయత్నంలోనే, పైకి వెళుతుండగా సూట్ పీడనం కోల్పోయి, నాలుగు నెలలు కోమాలో ఉండి మరణించాడు.

ఆక్సిజన్ లోటు గురించి యువకులు ఒక్కటి తెలుసుకోవాలి. అది నొప్పిగా రాదు. 25,000 అడుగుల దగ్గర మనిషి సరిగా ఆలోచించగలిగే వ్యవధి మూడు నుంచి అయిదు నిమిషాలే. ఆ వ్యవధిలో తనకు ఏమీ కాలేదనే అతనికి అనిపిస్తుంటుంది. నిర్ణయం తీసుకోవలసిన మెదడే ముందు దెబ్బతింటుంది గనుక, "ప్రమాదం వస్తే నేను చూసుకుంటాను" అన్న ధైర్యం అక్కడ అక్కరకు రాదు.

ఉదయగిరి మాజీ సైనికుడు:

నేను పారాట్రూపర్‌గా, అంటే విమానం నుంచి పారాచూట్‌తో దూకే సైనికుడిగా, పని చేసి వచ్చినవాణ్ణి. మాస్టారి విద్యార్థిని అడిగిన ప్రశ్న చాలా మంచిది. దానికి నా అనుభవంలో నుంచి జవాబు చెప్పడానికి ప్రయత్నిస్తాను.

నేలకు దగ్గరగా ఉన్నప్పుడే మనిషి ఎక్కువ ప్రమాదంలో ఉంటాడు. ఎత్తులో తప్పు జరిగితే దిద్దుకోవడానికి సమయం ఉంటుంది. ప్రధాన పారాచూట్ చిక్కుపడితే కోసివేసి, అదనంగా ఉండే రిజర్వ్ పారాచూట్ తెరవవచ్చు. మనిషి స్పృహ తప్పినా, సుమారు 750 అడుగుల దగ్గర ఇంకా వేగంగా పడుతుంటే రిజర్వ్‌ను తానే తెరిచే పరికరం ఒకటుంది. 1991లో జర్మనీలో తయారైన సైప్రెస్ అనే పరికరం వచ్చిన తరువాత అటువంటి పరికరాలు క్రీడాకారుల్లో బాగా వ్యాపించాయి. యాభై అడుగుల ఎత్తులో తప్పు జరిగితే ఇవేవీ ఆదుకోవు.

అందుకే నేటి స్కైడైవింగ్ మరణాల్లో చాలా భాగం పారాచూట్ తెరుచుకోక జరిగేవి కావు. చక్కగా తెరుచుకున్న పారాచూట్ కిందే జరుగుతున్నాయి. నేల దగ్గర వేగం కోసం పదునుగా మలుపు తిప్పుతారు. పారాచూట్ వాలి, మనిషి లోలకంలా పక్కకు ఊగి, మళ్లీ నిటారుగా వచ్చే లోపే నేల తగులుతుంది. ఈ పని ఎక్కువగా చేసేది కొత్తవారు కాదు. చేయి తిరిగినవారే, అడ్డు తప్పించుకోవాలనో, చూసేవారు మెచ్చుకోవాలనో చేస్తారు.

మాకు ఆగ్రాలో నేర్పిన మొదటి విద్య దూకడం కాదు, పడడం. రెండు పాదాలూ జోడించి, మోకాళ్లు కొద్దిగా వంచి, పాదం నుంచి పిక్కకు, తొడకు, పిరుదుకు, వీపుకు దెబ్బను పంచుకుంటూ దొర్లాలి. ఎత్తైన వేదికల మీద నుంచి ఇసుకలోకి దూకిస్తూ అదే మళ్లీ మళ్లీ చేయించేవారు. నాతోటి జవాను ఒకడు నేల దగ్గరపడేసరికి కిందికి చూశాడు. నేలను అందుకోవాలన్నట్టు అతని కాలు ఒకటి తనంతట తానే ముందుకు చాచుకుంది. మడమ విరిగింది. కళ్లు క్షితిజం మీద ఉంచాలని అతనికి బాగా తెలుసు, కానీ భయపడినప్పుడు శరీరం తెలిసినదానిని వినదు. వినేదాకా చేయించడమే శిక్షణ అంటే.

పారాచూట్ మడత పెట్టే గదిలో మాట్లాడకూడదు. మడత మధ్యలో ఎవరైనా పలకరిస్తే మొదటి నుంచి మొదలుపెట్టాలి. తాళ్లు ఒక్కొక్కటీ వేళ్ల మధ్య నుంచి జార్చి, మెలి లేదని చూసి, రబ్బరు పట్టీల్లో పొందికగా దూర్చేవాళ్లం. పట్టుచీర మడతపెట్టే పెద్దావిడ ఓపిక కావాలి దానికి. వీడియోల్లో ఈ గది ఎప్పుడూ కనిపించదు.

ఒంగోలు అధ్యాపకుడు:

అన్నగారూ, మీ వివరణ నేను తరగతిలో చదివి వినిపిస్తాను. కనిగిరి తమ్ముడికి లెక్కల విషయంలో కొంత చెప్పాలి.

అమెరికాలోని పారాచూట్ సంఘం లెక్కల ప్రకారం 2023లో ఆ దేశంలో సుమారు 36.5 లక్షల దూకుళ్లకు 10 మరణాలు నమోదయ్యాయి. లక్షకు పావు వంతు కంటే కొద్దిగా ఎక్కువ. ఇది చూసి ఆకాశం నుంచి దూకడం సురక్షితమని అనుకోవచ్చు, శిక్షకుడితో కలిసి చేసే దూకుడు విషయంలో ఆ మాట చాలావరకు నిజమే. అయితే కొండ అంచుల నుంచి దూకే బేస్ జంపింగ్ లెక్క వేరు. నార్వేలోని క్యెరాగ్ కొండ దగ్గర 1995 నుంచి 2005 వరకు జరిగిన 20,850 దూకుళ్లను పరిశీలించిన వైద్య అధ్యయనంలో 9 మరణాలు తేలాయి. అంటే 2,317 దూకుళ్లకు ఒక ప్రాణం. రెండూ పారాచూట్‌తో చేసేవే అయినా, వాటి మధ్య తేడా దాదాపు 150 రెట్లకు పైగా ఉంది.

కారణం కూడా స్పష్టంగానే ఉంది. కొండ మీద నుంచి దూకేవాడి దగ్గర ఒకటే పారాచూట్ ఉంటుంది, రెండోది తెరిచే ఎత్తు ఉండదు. పారాచూట్ తెరుచుకునేటప్పుడు కొంచెం అడ్డం తిరిగితే రాతిగోడే ఎదురవుతుంది. వింగ్‌సూట్ వేసుకుని కొండవాలును రాసుకుంటూ ఎగిరేవారి పరిస్థితి మరీ కష్టం. 2015 మే 16న అమెరికాలోని యోసెమిటీ లోయలో డీన్ పాటర్, గ్రాహం హంట్ అనే ఇద్దరు ఆరితేరినవారు ఒకే దూకుడులో అట్లాగే మరణించారు.

రహదారి పోలిక గురించి: రహదారి మరణాలు కోట్లాది ప్రయాణాల మీద లెక్కకు వస్తాయి. ఇవి వేల, లక్షల దూకుళ్ల మీద లెక్కకు వస్తాయి. మొత్తాల సంఖ్యలను పక్కపక్కన పెడితే మనకు నచ్చిన జవాబే వస్తుంది తప్ప నిజం రాదు.

కనిగిరి యువకుడు:

మాస్టారూ, లెక్క ఒప్పుకుంటున్నాను. కానీ అంత అనుభవమున్నవారు కూడా వెళుతున్నారంటే, వారికి మనకు కనిపించనిదేదో కనిపిస్తోందని అనుకోకూడదా? బామ్‌గార్ట్‌నర్ ధైర్యాన్ని మాత్రం ఎవరూ తక్కువ చేయలేరు.

సూళ్లూరుపేట ఇంజనీరు:

తమ్ముడూ, ఆయన ధైర్యాన్ని తక్కువ చేయనవసరం లేదు. అది ఎట్లాంటి ధైర్యమో తెలుసుకుంటే గౌరవం ఇంకా పెరుగుతుంది. బామ్‌గార్ట్‌నర్‌కు ప్రెషర్ సూట్‌లో గంటల తరబడి ఉండడమంటే భయం. బిగుసుకుపోయి ఊపిరాడనట్టు అనిపించేది. 2010లో ఆయన ఒక దశలో ప్రాజెక్టు వదిలి ఇంటికి వెళ్లిపోయాడు. తరువాత క్రీడా మనస్తత్వ నిపుణుడి సాయంతో నెమ్మదిగా ఆ సూట్‌కు అలవాటుపడ్డాడు. తిరిగి వచ్చిన తరువాత కూడా ఒకేసారి పైకి వెళ్లలేదు. 2012 మార్చిలో దాదాపు 22 కిలోమీటర్ల నుంచి, జులైలో దాదాపు 30 కిలోమీటర్ల నుంచి దూకి, ప్రతిదాని తరువాతా పరికరాలను విప్పి చూసుకుని, అప్పుడు 39కి వెళ్లాడు. అసలు దూకుడులో ఆయన శరీరం అదుపు తప్పి గిరగిరా తిరిగింది. 3.5 జీ బలం, అంటే గురుత్వాకర్షణకు మూడున్నర రెట్ల బలం, ఆరు క్షణాలు ఆగకుండా పడితే ఒక చిన్న పారాచూట్ తానే తెరుచుకుని తిరుగుడును ఆపేట్టు ముందే అమర్చారు. ఆయన కిందికి, చిక్కటి గాలిలోకి వచ్చాక తనంతట తాను సర్దుకున్నాడు కాబట్టి దాని అవసరం రాలేదు. ఆ సమయంలో రేడియోలో ఆయనతో మాట్లాడుతున్నది 84 ఏళ్ల కిటింగర్.

రెండేళ్లకు, 2014 అక్టోబరు 24న, గూగుల్‌లో ఉన్నతోద్యోగి అయిన ఆలన్ యూస్టస్ 57 ఏళ్ల వయసులో 41.4 కిలోమీటర్ల నుంచి దూకి ఆ ఎత్తు రికార్డును దాటాడు. ఆయనకు తొట్టె కూడా లేదు, సూట్ వేసుకుని బెలూన్‌కు వేలాడుతూ వెళ్లాడు. ప్రత్యక్ష ప్రసారం లేదు, ప్రకటనలు లేవు, సంవత్సరాల తరబడి సాగిన పని బయటివారికి తెలియనే లేదు. మాస్టారి విద్యార్థుల్లో ఎందరికి ఆయన పేరు తెలుసో అడిగి చూడండి.

ఐకిన్స్ విషయం ఉపాధ్యాయిని గారు చెప్పారు. ఆ వల మీద మనిషి బరువున్న బొమ్మలను ఎన్నోసార్లు వేసి చూశారు. ఒక బొమ్మ వలను చీల్చుకుని నేలకు తగిలింది.  అప్పటికి ఆయనకు 18,000 దూకుళ్ల అనుభవం ఉంది. చివరి క్షణంలో వెల్లకిలా తిరిగి వీపు మీద పడాలి, తిరగడం అర క్షణం ఆలస్యమైతే అంతే.

మా ప్రాంతంలో దీన్నే మరో రూపంలో చూస్తున్నాం. 2025 ఆగస్టు 24న శ్రీహరికోట దగ్గర, మనుషులను అంతరిక్షంలోకి పంపే గగన్‌యాన్ కోసం సుమారు 4.8 టన్నుల నమూనా వ్యోమనౌకను చినూక్ హెలికాప్టర్ నుంచి మూడు కిలోమీటర్ల ఎత్తులో వదిలి, పారాచూట్లతో సముద్రంలో దించారు. మొత్తం పది పారాచూట్లు వరుసగా పనిచేయాలి. పైమూతను లాగేవి రెండు, వేగం తగ్గించేవి రెండు, ప్రధాన పారాచూట్లను బయటికి లాగే చిన్నవి మూడు, చివరికి 25 మీటర్ల వ్యాసమున్న ప్రధానమైనవి మూడు. ఆ మూడింటిలో ఒకటి విఫలమైనా మిగిలిన రెండూ మనుషులను క్షేమంగా దించాలన్నది లెక్క. మనిషిని కూర్చోబెట్టక ముందు ఇన్నిసార్లు ఖాళీ నమూనాను పారవేసి చూడడంలో నాకు పిరికితనం కనపడదు. ఎవరి బిడ్డ అందులో కూర్చుంటాడో వారి మీద గౌరవం కనపడుతుంది.

కావలి ఉపాధ్యాయిని:

ఇంజనీరు గారూ, మీరు చెప్పినట్టు జాగ్రత్తగా చేసినవారిని నేనూ గౌరవిస్తాను. కానీ అదే ఐకిన్స్ 2022 ఏప్రిల్‌లో అరిజోనాలో ఏం చేశారో చూడండి. రెండు చిన్న విమానాలను ఖాళీగా కిందికి దూసుకుపోనిచ్చి, ఇద్దరు పైలట్లు గాలిలోనే ఒకరి విమానంలోకి మరొకరు మారాలని ప్రయత్నించారు. పైలట్ లేకుండా విమానం వదలడానికి అక్కడి విమానయాన సంస్థ అనుమతి నిరాకరించింది. అయినా చేశారు. ఒక విమానం అదుపు తప్పి కూలిపోయింది, అందులోకి చేరవలసిన పైలట్ పారాచూట్‌తో దిగి బతికాడు. వారి లైసెన్సులు రద్దయ్యాయి. వేల దూకుళ్ల క్రమశిక్షణ ఉన్న మనిషిని కూడా ప్రసారపు తేదీ అంతదూరం లాగగలిగింది. అందుకే నాకు భయం. మా పిల్లలకు ఆ వేల దూకుళ్లు లేవు, ఆ తేదీ మాత్రం ప్రతి సాయంత్రం చేతిలోని ఫోన్‌లో ఉంటుంది.

మార్కాపురం వైద్యురాలు:

ఉపాధ్యాయిని గారి మాటకు నా మద్దతు. ఆడపిల్లల తల్లిదండ్రులు నన్ను అడుగుతుంటారు కాబట్టి ఇంకో సంగతి చేరుస్తాను. మన దేశంలో ఈ విద్యను పద్ధతిగా నేర్చుకుని పేరు తెచ్చుకున్న మహిళలు ఉన్నారు. రేచల్ థామస్ 2002లో ఉత్తర ధ్రువం మీద దూకారు, 2005లో పద్మశ్రీ అందుకున్నారు. శీతల్ మహాజన్ 2004లో ఉత్తర ధ్రువం మీద దూకారు, 2011లో పద్మశ్రీ అందుకున్నారు, 2023 నవంబరులో ఎవరెస్టు ఎదుట 21,500 అడుగుల ఎత్తు నుంచి దూకారు. వద్దు అనే మాట ఒక్కటే చెప్పి ఊరుకుంటే పిల్లలు చాటుగా, తక్కువ ధరకు, తెలియనివారి దగ్గరకు పోతారు. ఆ పిల్లలే చివరికి మా ఆసుపత్రుల్లో వెన్నెముక దెబ్బలతో కనిపిస్తారు.

కనిగిరి యువకుడు:

అమ్మా, మీరు చెప్పింది సరిగా మా ఊళ్లో జరుగుతున్నదే. దగ్గరలో చోటు లేకపోవడం వల్లే దూరం పోతున్నాం. మనకు ఇంత సముద్రతీరం ఉంది, చదునైన నేల ఉంది. 2022 డిసెంబరు 29న కొరిశపాడు దగ్గర రహదారి మీద వైమానిక దళ విమానాలు నేలకు దగ్గరగా ఎగిరి పరీక్ష చేశాయి కూడా. మన తీరంలోనే ఒక శిక్షణ కేంద్రం ఎందుకు రాకూడదు? మాజీ సైనికులైన పెద్దాయన ఏమంటారో తెలుసుకోవాలని ఉంది.

ఉదయగిరి మాజీ సైనికుడు:

బాబూ, చదునైన నేల ఒక్కటీ చాలదు. అత్యవసరంగా విమానాలు దించడానికి సిద్ధం చేసిన రహదారి ఆ పనికే. క్రీడకు దాన్ని ఇవ్వరు, అడగడం కూడా సబబు కాదు.

తీరం సంగతి చూద్దాం. కావలి నుంచి కృష్ణపట్నం దాకా పైనుంచి చూస్తే కనిపించేవి రొయ్యల చెరువులు, వాటి గట్ల వెంట కరెంటు తీగలు, ఆ పక్కన సరుగుడు తోటలు. పారాచూట్‌తో దిగేవాడికి ఈ మూడూ చెడ్డవే. తీగ తగిలితే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. చెరువు లోతు లేదని తేలికగా అనుకోకూడదు. తడిసిన గుడ్డ మీద పడి, తాళ్లు కాళ్లకు చుట్టుకుంటే, మొలలోతు నీటిలోనూ ఈత వచ్చినవాడు మునుగుతాడు. అందుకే నీటి దగ్గర దూకేవారికి తేలియాడే జాకెట్టు ఇస్తారు, నీటిలో పట్టీలు విప్పుకునే విద్య వేరుగా నేర్పుతారు. శ్రీహరికోట అంతరిక్ష కేంద్రం షార్‌లో రాకెట్ ప్రయోగం ఉన్న రోజుల్లో ఈ తీరం మీద గగనతలం మూసివేస్తారన్నది మరొకటి.

అన్నిటికంటే ముఖ్యమైనది గాలి. మధ్యాహ్నం దాటాక మన తీరంలో సముద్రపు గాలి లోపలికి కొడుతుంది. నేల దగ్గర ఒక దిక్కు, రెండు వేల అడుగుల మీద మరో దిక్కు. కొత్తగా సొంతంగా దూకేవారు గంటకు 14 మైళ్లకు, అంటే సుమారు 22 కిలోమీటర్లకు మించిన గాలిలో దూకరాదని అమెరికా సంఘం నిబంధన. మన దగ్గర కేంద్రం వస్తే తెల్లవారుజామున మొదలుపెట్టి పది గంటలకల్లా ఆపేయాలి. వ్యాపారం చేసేవాడు ఆపుతాడా అన్నదే నా సందేహం. ఆపే మనిషికి అనుమతి దొరికితే నేను మొదట వెళ్లి నా పేరు ఇస్తాను.

వింగ్‌సూట్ గురించి నువ్వు మొదట్లో అన్నావు. కనీసం 200 దూకుళ్లు పూర్తి కాకుండా దాన్ని వేసుకోవద్దని అదే సంఘం నియమం. వింగ్‌సూట్‌లో చేతులు, కాళ్లు గుడ్డలో బిగిసి ఉంటాయి. పారాచూట్ లాగే సమయంలో తడబడితే చేతిని విడిపించుకోవడమే ఒక పని అవుతుంది. ఆ రెండు వందలూ ఎక్కడ చేసినా ముందుగా కొన్ని సంగతులు కనుక్కో. రిజర్వ్ పారాచూట్‌ను చివరిసారి ఎవరు, ఏ తేదీన మడిచారో చూపించే కార్డు అడుగు. స్పృహ తప్పినా తెరిచే పరికరం ఉందా, అది ఆన్ చేసి ఉందా అని నీ కళ్లతో చూడు. ఆ రోజు గాలి ఎంతని అడుగు, ఎంత మించితే ఆపుతారో కూడా అడుగు. ఈ ప్రశ్నలకు విసుక్కునేవాడు ఎదురైతే, కట్టిన డబ్బు తిరిగి రాకపోయినా సరే, ఆ విమానం ఎక్కకుండా ఇంటికి వచ్చేయ్.